వేడి బ్రేకు మీద నీళ్ళు

నాకు ఘాటీ అంటే భయం. సాలూరులో పుట్టి, లారీ డ్రైవరు కూతురినై ఉండి ఈ మాట పైకి అనడం సిగ్గుచేటని మా అమ్మ ఎన్నిసార్లు కసిరిందో. మా వీధిలో సగం ఇళ్ళు ఆ కొండ రోడ్డు మీదే బతికాయి. మా నాన్న ముప్పై ఏళ్ళకు పైగా ఒడిశా వైపు సరుకు వేసుకుని ఆ మలుపులు తిరిగాడు. బయల్దేరే ముందు ఇంట్లో అందరం మోకరించి ప్రార్థన చేసేవాళ్ళం. అమ్మ గొంతు వణికేది. నాన్న మాత్రం ఆమెన్ అనేసి టీ గ్లాసు అందుకునేవాడు. భయమంటే ఏమిటో ఆయనకు తెలియదనీ, అది అమ్మకూ నాకూ వచ్చిన జబ్బనీ అనుకుంటూ పెరిగాను.

కిందటేడు ఆ జబ్బు ముదిరింది. కోరాపుట్ దగ్గర చుట్టాల పెళ్ళికి అమ్మనీ నాన్ననీ నా కారులో తీసుకెళ్తున్నాను. ఒక మలుపులో పైనుంచి లారీ దిగింది. బ్రేకు తొక్కాను. లారీ దానంతట అది పక్కనుంచి వెళ్ళిపోయింది గానీ నా కాలు బ్రేకు మీదనుంచి లేవలేదు. వెనక బళ్ళు వరసకట్టి హారన్లు మోగిస్తున్నాయి. నాన్న పక్క సీట్లోంచి "బ్రేకు వొదులమ్మా, వొదులు" అంటున్నాడు. వినబడుతోంది. కాలికి మాత్రం వినబడటం లేదు. చివరికి ఆయనే దిగి, ఇటు తిరిగి వచ్చి, నన్ను పక్క సీట్లోకి జరిపి కారు తోలాడు. "ఏటీ అవలేదు, ఊరుకో" అన్నాడు. అమ్మ మాత్రం కోరాపుట్ దాకా ఏడుస్తూనే ఉంది.

ఆ తర్వాత స్టీరింగు ముందు కూర్చుంటే చాలు, అరచేతులు తడిసిపోయేవి. నేను పనిచేసేది విజయనగరంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో. ఊళ్ళకు తిరిగి శాంపిళ్ళు తేవడం నా పని. ఎప్పుడూ ఎవరో ఒకరిని బతిమాలి బండి తోలించుకుంటే ఎన్నాళ్ళు ఊరుకుంటారు? ఆ కాలు మళ్ళీ నా మాట వినకపోతే ఉద్యోగం పోవడం ఖాయం. అంతకంటే ముందు, నా మీద నాకే అసహ్యం పుట్టేలా ఉంది.

కారు అమ్మేద్దామని షెడ్డుకు పట్టుకెళ్ళాను. అక్కడి మెకానిక్ విషయం విని నవ్వలేదు. తనూ స్నేహితులూ సెలవుల్లో కార్లు తోలుకుంటారట. ఒకసారికి ఒక్క కారే. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. తిన్నని రోడ్డు మీదైతే స్ప్రింట్ అంటారు, కొండ మీదికైతే హిల్ క్లైంబ్.

"ఎదరనుంచి ఏ బండీ రాదండి. రోడ్డంతా మీదే. బయం తీరీదాకా తోలుకోండి" అన్నాడు.

ఏ లారీని చూసి గడ్డకట్టుకుపోయానో ఆ లారీయే లేని రోడ్డు! ఆ మాట వింటే నాకు ప్రాణం లేచివచ్చింది. మూతబడిన మిల్లు ఆవరణలో మొదటి స్ప్రింటుకు వెళ్ళాను. అద్దెకు తెచ్చిన హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. అందరికంటే ఆఖరున వచ్చాను. ఆఖరుకు ముందున్నాయన కూడా నాకు అందలేదు. అయినా చివరి గీత దగ్గర బ్రేకు తొక్కి, మళ్ళీ కాలు తీశాను. ఎవరికీ అక్కర్లేని ఆ విజయాన్ని ఇంటికి వచ్చి నాన్నకు చెప్తే, "కాలు తీసావు కదా, సాలు" అన్నాడు.

తర్వాత హిల్ క్లైంబ్ వచ్చింది. పాత క్వారీకి పోయే చిన్న కొండదారి, అనుమతి తీసుకుని ఒక ఆదివారం మూసి పెట్టారు. "ఆరాధన మానేసి కొండెక్కుతావేటే" అని అమ్మ మొహం తిప్పుకుంది. నాన్న చొక్కా మార్చుకుని వచ్చి కారులో కూర్చున్నాడు. నేను పిలవలేదు.

అక్కడికి చేరాక నాన్న దిగి పక్కన నిలబడ్డాడు. బయల్దేరే చోట రోడ్డు ఏటవాలు. కారు వెనక్కి జారకుండా వెనక చక్రానికి చెక్క అడ్డం పెట్టారు. జెండా లేచింది. అంతే, ఆపైన ఏం చేశానో సగమే గుర్తుంది. కుడివైపు కొండ, ఎడమవైపు గాలి. మలుపు కనబడితే చాలు, అటునుంచి ఎవరూ రారని తెలిసి కూడా హారన్ కొట్టాను. పైన జెండా పట్టుకున్నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుకోనీ. చచ్చీ చెడీ పైకి చేరాను, దారిలో ఎక్కడా ఆగలేదు.

అసలు చిక్కు దిగడంలో వచ్చింది. ఎక్కిన కార్లన్నీ ఒక వరసలో మెల్లగా కిందికి రావాలి. ఎక్కేటప్పుడు కనబడని లోయ దిగేటప్పుడు నిండుగా కనబడింది. కొండపైనుంచి కిందిదాకా నా కాలు బ్రేకు మీదే ఉంది. కింద ఆపేసరికి కాలిన వాసన ముక్కు బద్దలుకొట్టింది. నేను తుప్పల చాటుకు పోయి వాంతి చేసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి ముందు చక్రాలనుంచి ఆవిర్లు లేస్తున్నాయి. నాన్న బకెట్టుతో నీళ్ళు కొడుతున్నాడు. ఘాటీ దిగిన లారీలకు మా ఊళ్ళో అందరూ చేసేదే అది. చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ముల మీద నీళ్ళు పోసి, అవి సుర్రుమంటే ఆ చప్పుడు విని, అప్పుడు టీ తాగుతారు. చిన్నప్పుడు నాకు ఆ చప్పుడంటే నాన్న క్షేమంగా దిగాడని అర్థం. "సల్లారిపోనాది. ఇంక ఎంత ఎత్తుకైనా ఎక్కించు" అన్నాడు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ. నాకూ అది తప్పనిపించలేదు. మంచి పని చేశావన్నాను కూడా.

రెండోసారి మొదలుపెట్టాను. రెండు మలుపులు బాగానే దాటాను. మూడోదానికి ముందు బ్రేకు తొక్కగానే పెడలు నా పాదాన్ని కింద నుంచి దడదడా కొట్టింది. స్టీరింగు చేతుల్లో ఊగింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కోరాపుట్ దారిలోలాగే కాలు మళ్ళీ బిగుసుకుపోయింది. లే, లే అని కాలిని తిట్టాను, పేరుపెట్టి తిట్టడానికి దానికి పేరు లేదు కాబట్టి నోటికొచ్చిందల్లా తిట్టాను. లేచింది. గేరు తగ్గించాను, ఇంకా తగ్గించాను, కారును కొండ పక్కకు ఒరిపించి హేండ్‌బ్రేకు లాగి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాను. పైన ఎర్రజెండా ఊపారు.

కిందినుంచి నాన్న పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆ వయసులో ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. దూరంనుంచే "బ్రేకు వొదులమ్మా, వొదిలీ" అని అరుస్తున్నాడు. నేను మళ్ళీ బిగుసుకుపోయాననుకున్నాడు.

"వదిలేశాను నాన్నా. బ్రేకే బాగాలేదు" అన్నాను.

మెకానిక్ వచ్చి చక్రం ఊడదీశాడు. లోపల పళ్ళెంలా గుండ్రంగా ఉండే ఇనప డిస్కు మీద, అంచునుంచి లోపలికి సన్నగా పగులు. దాని మీద వేలు పెట్టి, "వేడి మీద దీనికి నీళ్ళెవలు పోసారు?" అన్నాడు.



"నానే" అన్నాడు నాన్న.

"లారీ డ్రమ్ము కాదు కదండి ఇది. పల్చటిది. కాలి ఉన్నప్పుడు నీళ్ళు తగిల్తే ఇలాగే పగుల్తాది. ఇంకో రెండు మలుపులు గట్టిగా తొక్కుంటే ముక్కలైపోయీది." మెకానిక్ ఆ మాట కోపంగా అనలేదు. నాన్న రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. నన్ను చూడలేదు, డిస్కునే చూస్తున్నాడు.

చక్రం మళ్ళీ బిగించారు. వెనక బ్రేకులు బాగానే ఉన్నాయనీ, దారిలో ఎవరినీ ఉంచకుండా, మొదటి గేరులో, హేండ్‌బ్రేకు సాయంతో దించేయొచ్చనీ మెకానిక్ అన్నాడు. ఎవరు దించుతారన్న ప్రశ్నే లేదు. ఘాటీ డ్రైవరు ఎదురుగా ఉన్నాడు. నేను తాళం నాన్నకు అందించబోయాను.

నాన్న అందుకోలేదు. "నువ్వే దించమ్మా. నాకు సేతులు వొణుకుతన్నాయి. బయ్యంగా ఉన్నాది."

ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. జాలి వేయాలి కదా, నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ లేని భయం ఇప్పుడే, ఈ కొండ మీదే, నన్నే దించమనడానికే వచ్చిందా? తలుపు గట్టిగా వేసి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చుని హేండ్‌బ్రేకు మీద చెయ్యి వేశాడు.

కారు మనిషి నడకంత మెల్లగా దిగుతోంది. ఇంజను మూలుగుతోంది. మొదటి మలుపు తిరిగాక అడిగాను.

"ఘాటీ మీద ఎప్పుడూ భయం వెయ్యలేదా నాన్నా?"

"రోజూ ఏసీది."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"సెప్తే మీ యమ్మ పంపుతాదేటి? పంపకపోతే మనం ఏటి తింటాం?" అని, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అన్నాడు, "నీకు బయ్యం లేకుండా పెంచీసేననుకున్నాను."

నాకు కళ్ళు మసకబారాయి, మలుపు ముందు అది మంచిది కాదు. మోచేత్తో తుడుచుకున్నాను. హేండ్‌బ్రేకు మీద ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది, పెడలు మీద నా కాలూ అంతే. అలాగే ఇద్దరం మెల్లిగా కిందిదాకా దిగాం.