పోయినవి ఐదక్షరాలే అనుకున్నాను

ఇంటాయన గొంతు పోతే ఎవరైనా ఏడుస్తారు. నేను బడి పెట్టాను. ఆ బడి ఎట్లా మునిగిందో చెప్తాను వినండి. నవ్వొస్తే ఆపుకోకండి.

మా మహిళా సంఘం వాళ్లు సాయంత్రం తరగతులు పెడితే, మనవరాళ్లున్న వయసులో పలక పట్టాను. చదువు చెప్పే సరిత ఒకరోజు అక్షరాలకు పుట్టిళ్లు చెప్పింది. క, ఖ, గ, ఘ, ఙ గొంతులో పుడతాయట. చ వరస అంగిట్లో, ట వరస నాలుక మడిస్తే, త వరస పళ్ల దగ్గర, ప వరస పెదవుల మీద. గద్వాల వాళ్లు గద్వాలలో, వనపర్తి వాళ్లు వనపర్తిలో ఉన్నట్టే కదా అని నాకు బాగా తలకెక్కింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా చదువొచ్చిన ఆడది అసలు దేన్నీ ఎరగదు.

ఆ ఏడే మా ఆయన గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద రంధ్రం, దాని మీద గుడ్డ. ఊపిరి ఇక అందులోంచే. "గొంతు పోయిందమ్మా" అన్నాడు పెద్ద డాక్టరు. పిల్లలు ఏడుస్తుంటే నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. గొంతులో పుట్టేవి ఐదు. వాటిలో ఙ పోతే ఏడ్చేవాళ్లే లేరు. మిగతావన్నీ నోట్లో భద్రంగా ఉన్నాయి కదా.

ఇంటికి రాగానే అరుగు మీద కూర్చోబెట్టి, చెంచాతో నాలుక నొక్కి చూశాను. అంగిలి ఉంది, పళ్లు ఉన్నాయి.

"గిట్ల పెదవులు మూసి ఇడువు. ప."

పెదవులు నీటి బుడగ పగిలినట్టు టప్పుమన్నాయి.

"సూసినవా, వచ్చె."

పక్కింటి మౌలాబీ గోడ మీంచి తొంగి చూసింది. "ఏందక్కా, బావను బడికేసినవా?"

"గొంతు అక్షరాలే పోయినయ్. కల్లు అడగలేడు, గంతే."

"గొడవ గూడ పెట్టుకోలేడు. జర మా ఆయనకు గూడ చేయించక్కా ఆ ఆపరేషను."

అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. దుమ్ము పడిందనుకున్నాను.

ఇక రోజూ పాఠమే. ఆ నోట ఒక్క మాట వింటే చాలు, మిగతావి నిదానంగా వస్తాయని నా ఆశ. అన్నిటికంటే తేలికైన మాట ఏదా అని వెతికితే నా పేరే దొరికింది. "బ పెదవులది, ల నాలుకది, మ మళ్ల పెదవులది. నన్ను పిలువు."

మా దిక్కు మగవాళ్లు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవరు. పెళ్లైన నాటి నుంచి నేను ఆయనకు "ఇగో"నే. పేరనగానే తల దించుకునేవాడు.

"గొంతే పోయినంక సిగ్గేంది నీకు?" అని కసిరేదాన్ని.

మళ్లీ చూపించుకోవడానికి దవాఖానకు పోయాం. మాట నేర్పే డాక్టరమ్మతో గొప్పగా చెప్పాను: "ఐదు తప్ప అన్నీ నేర్పిన మేడం."

ఆమె నవ్వలేదు. నా చేతిని నా మెడ మీదే పెట్టి, "మీ పేరు చెప్పండి" అంది.

"బాలమ్మ." వేళ్ల కింద మెడ తేనెతుట్టెలా జుమ్మంది.

"ఇప్పుడు ఆయన మెడ మీద."

ఆయన పెదవులు కదిపాడు. నా వేళ్లకు వెచ్చటి ఊపిరి తగిలింది, అంతే.

"శబ్దం పుట్టేది ఇక్కడేనమ్మా, ఏ అక్షరానికైనా. నాలుకా పెదవులూ దాన్ని మలుస్తాయి. ఊదకుండా సన్నాయి మీద వేళ్లాడిస్తే ఏం మోగుతుంది? ఆపరేషన్‌కు ముందే ఆయనకు ఇదంతా చెప్పాం. వేరే దారులున్నాయి, మెల్లగా చూద్దాం."

ఆయన వైపు తిరిగాను. "నీకు తెల్సా?"

తలూపాడు.

"మరి దినాం నా ముంగట ఎందుకు కూసున్నవ్?"

భుజాలు కదిలాయి. మెడ మీద గుడ్డ ఎగిరెగిరి పడింది. అది నవ్వో ఏడుపో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత నా ముఖంలోకి చూసి, పెదవులు మూసి తెరిచి, నాలుక పైకి తాకించి, మళ్లీ మూశాడు. బా. ల. మ్మ. ఈగ కూడా లేవనంత చప్పుడు.

"ఆఁ" అన్నాను.

డాక్టరమ్మ అన్నంత మెల్లగా చూసుకునే కాలం మాకు దొరకలేదు. ఇక నా జన్మలో ఏ మగనికీ అక్షరాలు నేర్పనని ఒట్టేసుకున్నాను. నేర్చుకునేవాడే లేడు కాబట్టి, ఒట్టు తప్పుతానన్న పరేషాను కూడా లేదు.