వాగు ఎటు పోతోందండీ?

నది ఎటు పారుతుందో ఉపగ్రహం చెప్పినా సరే, కంప్యూటర్ గీసి చూపించినా సరే, మ్యాపుల ఆఫీసు బాబాయిగారు నమ్మరు. ఆ ఒడ్డున కాపురమున్న మనిషెవరైనా ఫోనులో చెప్పాలి. అప్పుడుగాని ఆయన మనసు కుదుటపడదు.

కొత్తగా చేరిన ప్రోగ్రామరమ్మాయికి ఇదో తలనొప్పి. నేల ఎత్తుపల్లాల లెక్క అందిస్తే చాలు, ఎంత పెద్ద నదినైనా వాగులూ వంకలతో సహా గంటలో గీసిపడేసే ప్రోగ్రాం ఆమెది. ఆ గంట కాగానే బాబాయిగారి ఫోను పర్వం మొదలయ్యేది.

“హలో, పడవల రేవాండీ? మీ వాగు ఎటు పోతోందండీ?”

“ఎక్కడికి పోతుందండీ, ఇక్కడే ఉంది!”

అవతలివాళ్ల మోకాళ్ల నొప్పులూ, మనవరాలి పరీక్షలూ విచారించాకే మళ్లీ అసలు సంగతికి వచ్చేవారు. ఓసారి గంటన్నర మాట్లాడి, “రాంగ్ నంబరట అమ్మా, అక్కడ వాగే లేదు. మనుషులు మాత్రం చాలా మంచివాళ్లు” అన్నారు.

శుక్రవారం పెద్దమేడమ్ ముందు మ్యాపు పెట్టాలి. అది నెగ్గితేనే అమ్మాయి ప్రోగ్రాం నిలుస్తుంది. లేకపోతే ఆర్నెల్ల కష్టం గంగపాలు.

“బాబాయిగారూ, మీకు దండం పెడతాను, మ్యాపు ఇచ్చేయండి!”

“ఒక్క ఫోనమ్మా.”

ఆ ఒక్క ఫోను సోమవారం దాకా సాగింది. మేడమ్ మండిపడ్డారు.

“మూడు రోజులు ఆలస్యం! ప్రోగ్రాం పనిచెయ్యలేదా?”

అమ్మాయి బాబాయిగారి వైపు చూసింది.

“అది నిక్షేపంలా ఉందండీ. నేనే కబుర్లలో పడిపోయాను” అని బాబాయిగారు తల గోక్కున్నారు. కడుపునిండా చీవాట్లు తిన్నారు. ప్రోగ్రాం నెగ్గింది.

తీరా అమ్మాయి తన మ్యాపునూ, ఆయన ఇచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పదకొండు చోట్ల తేడా! పైనుంచి కొలిచిన ఎత్తులు చూసి ప్రోగ్రాం వంతెనలను ఆనకట్టలనుకుంది, నీళ్లను పక్కకు మళ్లించేసింది. ఒక వాగైతే ఏకంగా బడిలోంచే వెళ్లింది. అన్నీ ఫోన్లు చేసి కనుక్కుని, ఆయన చడీచప్పుడూ లేకుండా సరిదిద్దారు.

ఆమెకు సిగ్గేసింది. అంతకుమించి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. తిన్నగా మేడమ్ గదికి వెళ్లి, “ఆలస్యం ఆయన వల్ల కాదండీ. ఆయన సరిదిద్దిన పదకొండు తప్పులూ నావి” అని చెప్పేసింది.

“తెలుసమ్మా” అన్నారు మేడమ్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. “నా మొదటి మ్యాపులో పదిహేడు. అప్పుడూ తిట్లు ఆయనే తిన్నారు.”

“మరి ఇవాళ అంతలా తిట్టారేమండీ?”

“తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని ఆయనకు అనుమానం రాదూ?”