తారు కింద లాడం

జుంకిరి రాయ్ తొలి గెలుపు చిత్రే మలుపు.

మా కొండ ఊరు మానేభంజ్యాంగ్ బజారు దాటీ దాటగానే రోడ్డు నిచ్చెన వేసినట్టు నిలబడుతుంది. ఆ నిచ్చెన మీదే ఉంది ఆ మలుపు. అక్కడ ఏ బండీ ఒక్క ఊపున తిరగదు. సగం తిరిగి, ఆగి, కాస్త వెనక్కి జారి, మళ్ళీ ఎగబాకాలి. ఆగినప్పుడు వెనక చక్రం కింద రాయి పెట్టడానికి ఎవరో ఒకరు కిందికి దూకాల్సిందే. పంతొమ్మిదో ఏట జుంకిరి, చక్రం కింద రాయి లేకుండానే, బండిని ఆ మలుపు తిప్పింది. అంతకుముందు ఎన్నిసార్లు జారిందో, ఒకసారి వెదురు పొదలో ఎలా ఇరుక్కుందో, తండ్రి చేత బజారంతా వినేలా ఎన్ని తిట్లు తిందో ఆ పిల్లకే తెలుసు. తిప్పిందా లేదా, అదీ లెక్క.

తర్వాతవి అడక్కుండానే వచ్చాయి. సిలిగురి షెడ్డులో పని నేర్చి, పెద్ద మేస్త్రీ చేతులెత్తేసిన ఇంజనుకు ఊపిరి పోసింది. మంచు పడుతున్న రోజున టంగ్లూ నుంచి ఒక నిండు చూలాలిని కిందికి దింపింది. ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళుతోంది. మా డ్రైవర్ల సంఘంలో పేరెక్కిన మొదటి ఆడపిల్ల. ఇవన్నీ ఎవరినడిగినా చెబుతారు. తండ్రి హర్కమాన్ అయితే అడక్కపోయినా చెబుతాడు.

అలాంటి హర్కమాన్‌కి ఈ ఏడు వానలు తగ్గుముఖం పట్టేవేళ చెప్పడానికి మాట దొరకని రోజొకటి వచ్చింది.

ఆయన మోకాళ్ళు అరిగిపోయి బండి నడపడం మానేశాక, తండ్రి జస్‌లాల్ నాటి ల్యాండ్‌రోవర్ షెడ్డులో మూలపడింది. కూతురు సిలిగురి నుంచి తిరిగొచ్చి, వానలకు యాత్రికులకు మూసిన దారి తెరిచేనాటికి దాన్ని కొండకొమ్మున ఉన్న సాందక్‌ఫూ ఎక్కిస్తానంది. ఇద్దరూ వానాకాలమంతా దాని కిందే కాపురం పెట్టారు. కూతురు విప్పేది, తండ్రి కిరసనాయిలుతో కడిగేవాడు. ఒకరి చేతిలో స్పానరు ఒకరు లాక్కునేవారు.

ఇక్కడ మా బజారు పద్ధతి ఒకటి చెప్పాలి. మా బండ్లు ఒకదాని అవయవాలు ఒకటి పంచుకుని బతుకుతాయి. ఒకరి గేరుపెట్టె ఇంకొకరికి, వారి ఇరుసు మరొకరికి. అందుకే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు: చట్రం ఎవరిదో బండి వారిది. ఆ చట్రం తుప్పు పట్టకుండా ఏటా వానలకు ముందు దానికి తారు పూస్తాం. పూసిన తారును ఎవరూ గీకరు.

"బా, ఈ తారంతా గీకేయాలి," అంది జుంకిరి తండ్రితో.

"మతి పోయిందా నానీ, పిచ్చి పిల్లా? మీ తాత పూసిన తారది. తారు గీకితే బండి ఆయుష్షు గీకినట్టే."

"తాత తారు పూశాడు. నువ్వు తారు మీద తారు పూశావు. లోపల ఇనుముందో, తారే గడ్డకట్టి నిలబడిందో చూడొద్దూ?"

హర్కమాన్ గొణిగాడు కానీ అడ్డు రాలేదు. కూతురు ఉలి పట్టుకుని కిందికి దూరింది. కాసేపటికి ఉలి ఠంగున మోగింది.

"బా, మన బండికి లాడం ఎవరు కొట్టారు?"

"పొద్దున్నే వేళాకోళమా? లాడం సంగతి పెంబా ముసలాణ్ణి అడుగు."

"వేళాకోళం కాదు బా. వంగి చూడు."

మోకాళ్ళు పట్టుకుని వంగాడు. చట్రం లోపలి వైపు, తారు ఊడిన చోట, కంచరగాడిద లాడం. చిన్నది, అరిగినది, మూడు రివిట్లతో బిగించినది. హర్కమాన్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చేతిలో కిరసనాయిలు డబ్బా ఒరిగి కాళ్ళు తడుస్తున్నా తెలియలేదు.

తెలియదు మరి. ఆ లాడం కథను బజారులో అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసింది ఆయనే. పెంబా షేర్పా తండ్రి ఆంగ్ నోర్బు, బండి కొనకముందు కంచరగాడిదల మీద సరుకు మోసేవాడు. "నన్ను పోషించిన జంతువు లాడం నా బండి చట్రానికి కొట్టించాను, అది ఉన్నంతకాలం నా బండి లోయలో పడదు," అనేవాడు. తారు కింద ఉన్నదాన్ని ఎవరు చూడొచ్చారు? కొడుకు పెంబా కూడా అదే చెప్పుకు తిరిగితే, హర్కమాన్ ఆయనకు 'లాడం పెంబా' అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడింది. చివరికి చేతకాక పెంబా తన బండిని తుక్కుకి అమ్ముకున్న రోజున, తాడు కట్టి లాక్కుపోతుంటే, హర్కమాన్ టీకొట్టు ముందు నిలబడి, "లాడం ఊడబెరుక్కున్నావా? టీ ఖర్చుకైనా వచ్చేది!" అని అరిచాడు. బజారంతా నవ్వింది.

ఇప్పుడా లాడం తన బండి కింద ఉంది.

"కొండచరియ విరిగిన ఏడు," అన్నాడు హర్కమాన్. "మనదీ నోర్బుదీ రెండు బండ్లూ ఒకే బురదలో పూడిపోయాయి. మా బా, నోర్బు కలిసి తవ్వి తీశారు. ఒకే షెడ్డులో విప్పి మళ్ళీ బిగించారు. చట్రాల మీద అంకెలు అప్పటికే తుప్పు తినేసింది. రెంటికీ తారు పూశాక ఏది ఎవరిదో..." అక్కడితో ఆగిపోయాడు. తను నవ్వుతూ సాగనంపింది సొంత తండ్రి చట్రాన్నేనని అప్పుడు తట్టింది.

మెల్లగా నడుం ఎత్తి, "పూసెయ్," అన్నాడు.

"ఏంటి?"

"తారు. మళ్ళీ పూసెయ్. మనిద్దరం తప్ప చూసినవాళ్ళు లేరు. కట్టుబాటు తెలుసుగా? ఈ బండి పోతే నువ్వు దేన్ని నడుపుతావు?"

జుంకిరి బండి కింద నుంచి బయటికొచ్చింది. ముఖమంతా మసి. "చిత్రే మలుపులో నన్ను రాయి వేయనివ్వలేదు నువ్వు. జారితే జారనీ, నిజంగా ఎక్కావో లేదో తేలాలి అన్నావు. ఇప్పుడు నువ్వే రాయి వేస్తున్నావు బా."

హర్కమాన్ కర్ర తీసుకుని బయటికి నడిచాడు.

పెంబా గడపలో కూర్చుని ఉప్పు టీ తాగుతున్నాడు. హర్కమాన్‌ని చూడగానే మొహం గంటు పెట్టుకున్నాడు. "ఏం హర్కే, కొత్త వెక్కిరింత దొరికిందా? పాతది అరిగిపోయిందా?"

"ఒక్కసారి షెడ్డుకి రండి, పెంబా దాజు."

కప్పు పెదవుల దగ్గర ఆగిపోయింది. హర్కమాన్ నోట 'అన్నా' అన్న మాట పెంబా ఈ జన్మలో వినలేదు.

షెడ్డులో గోనెపట్టా పరిచి జుంకిరి ఆయన్ని కిందికి జరిపింది. బయట అప్పటికే నలుగురు పోగయ్యారు. చొచ్చుకువచ్చిన పొగమంచులో రెండు ముసలి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"బాజే, బాగానే ఉన్నారా?" అని జుంకిరి ఆ ముసలి తాతను అడిగింది.

"తుక్కుకి వేసే ముందు నేనూ దూరాను, నానీ," అన్నాడు పెంబా కింద నుంచే. "దీపం పెట్టుకుని చట్రమంతా గీకాను. లాడం లేదు. అంటే మా నాన్న పచ్చి అబద్ధాలకోరు అనుకున్నాను. కాలాపోఖ్రీ చెరువు దగ్గర ఆయన పేరున ప్రార్థన జెండా కట్టడం ఆ ఏడే మానేశాను. బతికి ఉండగా నమ్మినవాణ్ణి, పోయాక..."

హర్కమాన్‌ ఏదో నవ్వులాట అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ నవ్వు పోయి చచ్చినవాడి జెండా దించిందని ఎవరనుకున్నారు?

పెంబా బయటికొచ్చి నిలబడ్డాడు. అరచేతి నిండా తారు. హర్కమాన్ జేబులోంచి బండి తాళం తీసి, అందరూ చూస్తుండగా, ఆ తారు చేతిలో పెట్టాడు.

"చట్రం ఎవరిదో బండి వారిది దాజు. లాడం నిజం. నేనే..." బజారు బజారంతా నోరు తెరిచింది. టీకొట్టు దిల్మాయా పొంగుతున్న పాలు దించడం మరిచిపోయింది.

పెంబా తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత జుంకిరి వైపు తిరిగాడు.

"నా కళ్ళకు దూరం ఆనదు. నా బండికి డ్రైవరు కావాలి. చిత్రే మలుపులో రాయి వేయించేవాళ్ళు వద్దు."

"జీతమెంత బాజే?" అంది జుంకిరి, ఏడుస్తూనే.

"ముందు నడుపు. మీ నాన్నలా కోతలు కోస్తే సగం కోస్తా."

నవ్వింది మొదట హర్కమానే అంటారు. ఆయన మాత్రం ఒప్పుకోడు.

ఇంజను బిగించి, ఆకుపచ్చ రంగు వేశారు. లాడం మీద మాత్రం తారు పూయలేదు, నూనె రాశారు. సెప్టెంబరు పద్నాలుగున పొద్దున్నే జుంకిరి బండి తీసింది. పక్క సీట్లో పెంబా, ఒళ్ళో తండ్రి కోసం మడతపెట్టిన కొత్త జెండాలు. హర్కమాన్ ఇద్దరి మెడలోనూ శుభం కోరే తెల్ల కండువాలు, ఖాదాలు వేసి, చిత్రే మలుపు కనిపించే చోట నిలబడ్డాడు. బండి ఆగింది, కాస్త జారింది, ఎక్కింది. కింద రాయి పడలేదు.

పదిహేడున బండ్లకూ పనిముట్లకూ చేసే విశ్వకర్మ పూజకు బంతిపూల దండ ఆయనే గుచ్చుతున్నాడు. బండి కాలాపోఖ్రీ మీదుగా సాందక్‌ఫూ వెళ్ళి, సెప్టెంబరు పదహారున పొద్దుగూకేలోపు తిరిగి రావాలి.