నాయనమ్మ మూర

మా చిన్నప్పుడు... ఇల్లందులో సాయంత్రం డ్యూటీ దిగిన బొగ్గు బాయి కార్మికులు ఇంటికి పోతూ పోతూ మా నాయనమ్మ పూల గంప దగ్గర ఆగేవాళ్ళు. పక్కన ఇంకో రెండు గంపలున్నా గుంపు మాత్రం ఈవిడ దగ్గరే. ఎందుకంటే మా నాయనమ్మది పొడుగు చెయ్యి! మోచేయి నుంచి నడివేలి కొస దాకా ఒక మూర... ఆపైన వేలెడు కొసరు.

నేను నాలుగో తరగతిలో ఉండగా వానకు వాకిట్లో జారిపడి ఆ చెయ్యే విరగ్గొట్టుకుంది. దవాఖానాలో మోచేతి పైదాకా సిమెంటు కట్టు వేశారు.

మర్నాడు గంప ముందు నన్ను కూర్చోబెట్టి తను వెనక కూర్చుంది. మొదటి బేరం మా వీధి సరోజక్క. దండ నా మోచేతికి ఆనించి, కొలిచి, తుంచి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళ ముందు వేలాడదీసి చూసింది.

"గిదేం మూర పిల్లా! నా కొప్పు సుట్టు గూడ తిరగదు."

అందరూ నవ్వారు. నవ్వి ఊరుకున్నా బాగుండేది... ఇద్దరు పక్క గంప వైపు నడిచారు. నాకు ఏడుపొచ్చేసింది. నాయనమ్మ మూర తప్పదన్న పేరు ఇన్నేళ్ళది... నా పొట్టి చెయ్యి ఒక్క సాయంత్రంలో దాన్ని పోగొట్టేట్టుంది.

నాయనమ్మ ముందుకు జరిగి, కట్టు చేతిని తొడ మీద పెట్టుకుంది.

"చెయ్యి ఇరిగింది గాని మూర ఇరగలే బిడ్డా. ఇగో, దీని మీన పెట్టి కొలువు."

ఇక చూడండి తమాషా! మోచేతి దగ్గర కట్టు మందం కలిసి, మూర ఇంకో రెండు వేళ్ళు పెరిగింది. పోయిన ఇద్దరూ తిరిగొచ్చారు. నెలన్నరకు కట్టు విప్పించుకొస్తే సరోజక్కకు ఒకటే దిగులు... "ఇంకో నెల ఉంచుకోరాదే అవ్వా!"

ఆ రోజే నాయనమ్మ తన మోచేయి పక్కన నా మోచేయి ఆనించి చూసింది. నాది బెత్తెడు పైనే తక్కువ.

"నీది నా అంత అయ్యేదాంక గంప దించ" అంది.

ఏటా బడి తెరిచిన రోజు కొలుచుకునేవాళ్ళం. ఇంటర్ రెండో ఏడు సరిసమానమయ్యాయి. మాట మీద నిలబడే మనిషి కదా... మర్నాడే గంప అటక ఎక్కించింది. నాకేమో ఆ రోజు గర్వమే తప్ప ఇంకేమీ తట్టలేదు.

ఇప్పుడు నేను నర్సుని. జర్మనీలో ఉద్యోగాల కోసం కొందరం జర్మన్ నేర్చుకుంటున్నాం. మొన్న మేడం ఎముకల బొమ్మ పెట్టి, ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక చూపించి "ఎల్లె" అన్నారు. నాయనమ్మకు విరిగింది ఆ ఎముకే! ఒకప్పుడు మన మూర లాగా వాళ్ళు బట్ట కొలిచిందీ ఆ పేరుతోనేనట. మరీ పొడుగ్గా రాసిన ఉత్తరాన్ని ఇప్పటికీ "ఎల్లెన్‌లాంగ్", అంటే మూరల పొడుగు, అంటారట. అందరూ రాసుకుంటున్నారు... నేను నా చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు ఖమ్మంలో నేను కొనే పూలు డబ్బాలో, గ్రాముల లెక్కన వస్తాయి. తూకంలో తప్పుండదు... కొసరూ ఉండదు.

మీ ఊళ్ళో పూలమ్మేవాళ్ళలో పొడుగు చెయ్యి ఎవరిదో కాస్త చెప్పండి. నాది అచ్చంగా నాయనమ్మ అంత అయింది గానీ... అయ్యాక దానితో ఇంతవరకూ ఎవరికీ ఒక్క మూర కొలిచి ఇవ్వలేదు.