నాన్న దగ్గర ఎవరు కూర్చుంటారు

నాన్న జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు అయ్యగారు నన్ను లేచి నిలబడమన్నారు. "తండ్రిని పసిపిల్లాడిలా చూసుకున్న కొడుకు. మన యవ్వనస్థులు ఇది నేర్చుకోవాలి" అన్నారు. ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాను. అందరికీ వందనాలు చెప్పి కూర్చున్నాను. నాన్నను ఏళ్ల తరబడి చూసుకున్న మా అక్క ఆ సమయంలో షామియానా వెనక, అన్నం సరిపోతుందా అని వంటవాళ్లను అడుగుతోంది. ఆ రోజు నేను నోరు తెరవలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నాన్న బాపట్లలో బడిపంతులుగా చేశాడు. గుడిలో పాట ఎత్తేదీ ఆయనే. బావ పోయాక అక్క నాన్న దగ్గరికే వచ్చి, ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకునేది. నేను తెనాలిలో కాలేజీ లెక్చరర్ని. నాన్నకు దారులు, పేర్లు, తేదీలు తప్పిపోతుంటే గుంటూరు తీసుకెళ్లింది నేనే. డాక్టరు డిమెన్షియా అన్నాడు. "మందులతో పోయేది కాదండి. ఈయన్ని చూసుకునే మనిషిని మీరు చూసుకోండి" అని నాతో చెప్పాడు. మొదటి మాట ఇంటికి తెచ్చాను. రెండోది తేలేదు. అక్క ఉద్యోగం మానేసింది.

జబ్బు అన్నీ పట్టుకుపోయింది, కీర్తనలు తప్ప. సంఘంవాళ్లు చూడటానికి వస్తే నాన్న చివరి చరణం దాకా తప్పు లేకుండా పాడేవాడు. "ఈయనకేం జబ్బండీ, నాకే మూడో చరణం రాదు" అని నవ్వుకుంటూ టీ తాగి వెళ్లేవారు. వాళ్లు గేటు దాటగానే నాన్న అక్క వైపు తిరిగేవాడు. "ఎవరే నువ్వు? నా కళ్లజోడు ఎక్కడ దాచావు, దొంగముండా" అని చేతికందింది విసిరేవాడు. ఒకసారి అక్క ముంజేతి మీద కమిలిన మచ్చ చూశాను. "తలుపు తగిలిందా?" అని అడిగాను. అవునంది. నాకు ఏ జవాబు కావాలో నా ప్రశ్నలోనే ఉంది. అదే ఇచ్చింది.

ఆ ఏడాది బాపట్లలో నాన్న ఇంట్లో గృహ కూడిక పెడితే నేనూ వెళ్లాను. చివర్లో అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకావిడ కూతురి కాన్పు గురించి చెప్పింది. ఒకాయన మోకాళ్ల గురించి చెప్పాడు. అక్క లేచింది.

"ప్రార్థన అందరూ చేస్తూనే ఉన్నారండి. నాకు సాయం కావాలి. ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఇంటికొకరు వంతున నాన్న దగ్గర కూర్చుంటే నేను గుడికొస్తాను. నాన్న నన్ను కొడుతున్నాడండి."

స్త్రీల సమాజం పెద్దావిడ ఏదో అనబోయింది. నేను ముందే అందుకున్నాను.

"అక్క బాగా అలిసిపోయిందండి, ఏదో అంటోంది. నాన్నగారి స్వస్థత కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ."

అందరూ కళ్లు మూసుకున్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నాన్నే.

నాన్న పరువు కాపాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. వంతులు వేయడమంటూ మొదలుపెడితే మొదటి వంతు కన్నకొడుకుదే అవుతుంది. నేను భయపడింది దానికే. ఆ సాయంత్రం టీ గ్లాసులు కడుగుతూ అక్క అంది, "నీకు దేవుడు భలే పనికొస్తాడురా."

ఆ తర్వాత సాయం అక్కే వెతుక్కుంది. ఇలాంటి జబ్బున్నవాళ్ల ఇంటి మనుషులు నెలకోసారి తెనాలిలో ఒక క్లినిక్ మేడ మీద కలుసుకుంటారని ఎవరో నర్సు చెప్పిందట. స్నానానికి మొండికేస్తే ఏం చేయాలి, కొట్టబోతే ఏం చేయాలి, ఒకరికొకరు చెప్పుకుంటారట. అక్క ఫోన్ చేసింది.

"ఆ శనివారం నువ్వొచ్చి నాన్న దగ్గర కూర్చోరా. సాయంత్రానికల్లా వచ్చేస్తాను."

"తప్పకుండా అక్కా" అన్నాను. తీరా ఆ శనివారం పరీక్షల డ్యూటీ పడిందన్నాను. తర్వాతి నెల పెళ్లి ఉందన్నాను. ఆ తర్వాత ఆమె అడగలేదు.

ఒక సోమవారం మా కాలేజీ అటెండరు అన్నాడు, "మొన్న మీ అక్కగారు, నాన్నగారు వచ్చారు కదా సార్. క్లినిక్ మెట్లు దిగుతుంటే నేనూ ఓ చెయ్యేశాను. పెద్దాయన ఏం పాడుతున్నారు సార్!"

ఆ క్లినిక్ మా ఇంటి వెనక వీధిలోనే ఉంది. అక్క నాన్నను రైలెక్కించి, దించి, మేడ ఎక్కించి, మళ్లీ రైల్లో తీసుకుపోయింది. మా గడప తొక్కలేదు. "ఇంటికి రావచ్చుగా" అని ఫోన్లో అడిగాను.

"ఏదైనా పెళ్లికెళ్లావేమో అనుకున్నానురా" అంది.

నాన్న పోయాక, జ్ఞాపకార్థ కూడికలో విన్న ఆ పొగడ్త మోయలేక, బాపట్ల గుడిలో సంఘం ముందు సాక్ష్యాలు చెప్పుకునే సమయంలో లేచాను. అక్క అడిగిన సాయాన్ని అడ్డుకున్నది నేనేనని, నాన్న దగ్గర ఒక్క పూట కూడా ఒంటరిగా కూర్చోలేదని చెప్పాను. బయటికొచ్చాక ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత తగ్గింపు మనసయ్యా నీది! అంతా చేసి ఏమీ చేయలేదంటున్నావు."

"లేదండి, నిజంగానేనండి" అన్నాను. అన్నకొద్దీ నా మంచితనం పెరిగింది. మా దగ్గర తప్పు ఒప్పుకున్నవాడికి కూడా దండే వేస్తారు. అక్క ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

అక్కే ఫోన్ చేసింది. "సాక్ష్యం బాగా చెప్పావంటగా. ఆడవాళ్లని ఏడిపించావంట." నేను సారీ చెప్పబోయాను. "సరేగానీ, రేపల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడు. నాన్నకున్న జబ్బే. వాళ్లావిడ తెనాలి మీటింగుకి రావాలంటే ఆయన్ని వదిలిపెట్టే మనిషి లేడు. శనివారం నువ్వెళ్లి కూర్చో. నాకు సారీలు చెప్పకు."

వెళ్లాను. భార్య అటు వెళ్లగానే ఆ పెద్దాయన నన్ను తన పొలం కలుపుకున్నవాడనుకున్నాడు. పెట్టిన ఇడ్లీ నా మీదే ఉమ్మాడు. వరండాలోకి వచ్చి అక్కకు ఫోన్ చేశాను.

"బూతులు తిడుతున్నాడక్కా."

"తిట్టనీ. పొలం ఆయనదేనని ఒప్పుకో. ఉతికిన తువ్వాళ్లు నాలుగు చేతికిచ్చి మడతపెట్టమని అడుగు."

ఇచ్చాను. మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. కాసేపటికి నన్నూ ఒకటి పట్టుకోమన్నాడు. ఈ చిన్న కిటుకు తెలుసుకోవడానికే అక్క నన్ను ఒక్క శనివారం అడిగింది.

సాయంత్రం ఆవిడ వచ్చేసరికి ఆయన కునుకుతున్నాడు. నాకు మంచినీళ్లిచ్చి, "మీ నాన్నగారికీ ఇదేనంటగా బాబూ. మీరే చూసుకున్నారా?" అని అడిగింది.

"లేదమ్మా. మా అక్క చూసుకుంది."

"ఒక్కతేనా? మరి మీరెక్కడున్నారు అప్పుడు?"

"తెనాలిలోనేనండి" అన్నాను.

ఆవిడ ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి వెళ్లింది.