ఆరున్నొకటి

మా అక్క ఏడు అనదు. సంచీలో ఏడు నిమ్మకాయలుంటే "ఆరున్నొకటి" అంటుంది. ఏడు అంటే ఏడుపొస్తుందని, పనిలో చేరిన మొదటిరోజే బైండింగు షాపు పెద్దాయన చెప్పాడట. ఒకటికి బదులు లాభం అనడం కూడా ఆయన నేర్పిందే. ఆయన పోయి పదేళ్ళయినా మాట మాత్రం అక్క నాలుక మీద ఉండిపోయింది. "నమ్మకమా?" అంటే, "నమ్మకమూ లేదు, గిమ్మకమూ లేదు, అలవాటు" అంటుంది. ఏడాది అనడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు, అదేం లెక్కో.

అక్క పని ఫారాలు ఏరడం. పదహారు పేజీల మడతను ఫారం అంటారు. పొడవాటి బల్ల మీద ఎనిమిది దొంతరలు వరసగా ఉంటాయి. అక్క బల్ల వెంట నడుస్తూ ఒక్కో దొంతర నుంచి ఒక్కో ఫారం తీసుకుంటుంది. చివరికి చేరేసరికి చేతిలో పుస్తకం ఉంటుంది. మళ్ళీ మొదటికి. ఇరవై రెండేళ్ళుగా ఇదే నడక. ఆమె ఏరిన పుస్తకంలో పేజీలు తగ్గాయని ఇంతవరకు ఒక్కరూ తిరిగి రాలేదు. ఇది నేను గొప్పకి చెప్పడం లేదు. అబద్ధమెందుకు, గొప్పకే చెబుతున్నాను.

అక్క కూతురు కాలేజీలో వీడియోలు తీసే చదువు చదువుతోంది. రెండో ఏడాది చివర ఒక పాటకి మ్యూజిక్ వీడియో తీయాలి. బాగుంటే కాలేజీ ప్రదర్శనలో పెద్ద తెర మీద వేస్తారు, లేకపోతే మార్కులతో సరి. పిల్ల వాళ్ళమ్మ పనినే ఎంచుకుంది. స్నేహితురాలి చేత పాట కట్టించి, అది వింటూ ఫారాలు ఏరమంది. ప్రతి వరసలోనూ ఆరు దాకా చెయ్యీ పాటా కలిసే వచ్చాయి. ఆ తర్వాత చెయ్యి వెనకబడింది. ఇరవైసార్లు తీసినా అంతే.

పిల్ల ఏం చేసిందనుకున్నారు? అమ్మని తీసేసి, అమ్మ ఏప్రన్ తగిలించి తన క్లాసు అమ్మాయిని పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. "కన్నతల్లి చెయ్యి నీకు పనికిరాలేదుటే?" అని ఫోన్లోనే దులిపేశాను. అక్క మాత్రం, "పోనీలేవే, నావల్ల దాని చదువు చెడకూడదుగా" అంది. ఆకలి లేదని కంచం ముందు నుంచి లేచేటప్పుడు వాడే గొంతు అది. ఆ గొంతు నాకు బాగా తెలుసు.

వీడియో చూసిన కాలేజీ మేడం రెండు నిమిషాలకే ఆపేసిందట. "ఈ అమ్మాయి జన్మలో పుస్తకం కట్టలేదు. వేళ్ళు పాట వింటున్నాయే గాని కాగితాన్ని పట్టుకోవడం లేదు. ఇది నిజంగా ఎవరి పని? వాళ్ళేరి?" అని, మళ్ళీ తీసి తెమ్మని వారం గడువిచ్చింది.

పిల్ల ముఖం వేలాడేసుకుని వచ్చింది. మొదట తీసినదాన్ని మా ఇద్దరికీ చూపించి, "చూడు పిన్నీ, ఇక్కడే. ఎందుకమ్మా ఇక్కడ ఆగిపోతావు?" అంది.

"ఆగడమేంటే? లెక్కపెడుతున్నా."

"ఏదీ, పైకి లెక్కపెట్టు."

"లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది."

"మళ్ళీ అను" అంటూ పిల్ల బల్ల మీద వేలితో దరువు వేసింది. ఏడో దెబ్బ సాగింది. మాట పొడుగు కాబట్టి చెయ్యి ఆగుతోందన్నమాట.

"ఊరికే ఆగడం కాదు" అంది అక్క. "ఆ మాట అయ్యేలోపు బొటనవేలితో అంచులు తడుముతా. రెండు అంటుకున్నాయో, ఒకటి తప్పిందో తెలియాలిగా."

పిల్ల "సారీ అమ్మా" అని, వీడియో కోసం కాగితం మీద రాసుకున్నదంతా అడ్డంగా కొట్టేసింది. "ఇక పాటే నీ చేతి వెంట నడుస్తుంది" అంది.

స్నేహితురాలు, "ఎనిమిది దెబ్బల పాటని ఎనిమిదిన్నర చేస్తే కుంటుతుందే" అని సణిగింది. రెండ్రోజులకి ఆమే ఫోన్ చేసి, ఇప్పుడు పాత పాటే బోసిగా ఉందంది. ఈసారి అక్కకి పాట వినిపించలేదు. కెమెరా ఓ మూల పెట్టి, తన పని తనని చేసుకోనిచ్చి, తర్వాత దానికి పాట కట్టారు. మేడం చూసి ఒక్క మార్పే చెప్పింది. పాటకంటే ముందు లెక్క వినపడాలంది.

ప్రదర్శన రోజు హాలు నిండింది. తెర మీద తలుపంత చేతులు, మా అక్క గొంతు. ఆరున్నొకటి దగ్గర బొటనవేలు అంచుల మీద జారింది. రెండో చరణానికల్లా వెనక వరసల పిల్లలు ఏడో దెబ్బని కాళ్ళతో సాగదీసి వేస్తున్నారు. పక్కావిడ అడక్కపోయినా "మా అక్క" అని చెప్పాను. ముందు వరసాయనకీ చెప్పాను.

చివర్లో పేర్లు పడ్డాయి. పాట ఎవరిదో, కెమెరా ఎవరిదో వేశాక "తాళం" అని వేసి, కింద ఇంటిపేరుతో సహా మా అక్క పేరు. పుస్తకం మీద రాసినవాళ్ళ పేరుంటుంది, అచ్చువేసినవాళ్ళ పేరుంటుంది. ఫారాలు ఏరినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు.

పక్కన అక్క ముక్కు ఎగబీలుస్తోంది. "ఏంటక్కా, ఆరున్నొక్క రాగం అందుకున్నావు?" అన్నాను.

"నోర్ముయ్యవే" అంది తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "నాకు మసగ్గా ఉంది, నువ్వు చూసి చెప్పు. నా పేరులో అక్షరమేదీ తప్పిపోలేదుగా?"

ఒక్కో అక్షరమే చూసుకుంటూ చివరిదాకా వెళ్ళాను.

"లేదక్కా. అన్నీ ఉన్నాయి."