ఏ దాచు?

మా బావ ఏ వస్తువునీ పారేయడు, ఇంకొకరిని పారేయనివ్వడు. ఆఫీసుల వాళ్ళు వదిలించుకున్న పాత కంప్యూటర్లన్నీ పోగేసి, మేడ కింద గదిలో వరసగా పెట్టి, ఒక్కోదానికీ దాని ఒంటికి పడే ఉచిత సిస్టమ్ ఎక్కించి, వీధిలో వాళ్ళ కోసం టైపింగ్ గది తెరిచాడు. అన్నీ లినక్సే, కానీ ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకదాంట్లో మెనూ పైన, ఒకదాంట్లో కింద, ఇంకోదాంట్లో ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. పైగా వాటికి పేర్లు కూడా పెట్టాడు మహానుభావుడు: దొరసాని, తాబేలు, కోపిష్టి.

"అన్నిట్లోనూ ఒకటే పెట్టి చావొచ్చుగా," అని మా అక్క మొదటి నుంచీ పోరుతూనే ఉంది. కౌంటర్లో కూర్చుని ప్రింట్లు తీసేది నేను. ఏ బొత్తాం ఎక్కడుందో అందరికీ చెప్పి చెప్పి విసిగిపోయి నేనూ అక్క పార్టీలోనే చేరాను.

"మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకే కొలతతో బట్టలు కుట్టిస్తే ఊరుకుంటారా?" అంటాడు బావ. "దొరసాని సిస్టమ్ ఎక్కిస్తే తాబేలు లేచి కూర్చోను కూడా కూర్చోదు, మరదలా."

మా గదికి రోజూ వచ్చేది పోస్టమ్మ. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి. ఏ కుక్క తరిమింది, ఏ ఇంట్లో కబురు విని ఎవరు గంతులేశారు, అన్నీ కలిపి తన కథ రాసుకుంటోంది. వాళ్ళక్కకి చూపు పోయింది. ఆదివారం ఆవిడ పుట్టినరోజు. ఆ రోజు పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాలని పోస్టమ్మ పట్టుదల.

ఎప్పుడూ దొరసాని ముందే కూర్చునేది. శుక్రవారం అక్కడ స్కూలు పిల్లలు తిష్ఠ వేశారని కోపిష్టి దగ్గరికెళ్ళింది. దాచే ముందు రాసిందంతా మౌస్‌తో నీలంగా పట్టుకోవడం ఆవిడకి అలవాటు. ఎందుకంటే, "ఏది దాచాలో దానికి తెలియొద్దూ?" అంటుంది. అలాగే పట్టుకుని, 'దాచు' నొక్కింది. తెర ఖాళీ అయితే, అక్షరాలన్నీ లోపలికెళ్ళి భద్రంగా పడుకున్నాయనుకుంది. మూసేటప్పుడు అదేదో అడిగితే 'సరే' అంది.

శనివారం తెరిస్తే పేజీలన్నీ తెల్లకాగితాలే.

ఆవిడ ఏడవలేదు. పెన్ డ్రైవ్ గుప్పిట్లో పెట్టుకుని, "పోన్లే అమ్మాయ్, గుర్తున్నంత నోటితోనే చెప్తాను," అంది. నా కోపమంతా బావ మీద చూపించాను. "నీ రకరకాల పిచ్చికి ఈవిడ బలైపోయింది."

బావ మొహం మాడిపోయింది. "రేపే అన్నీ ఒకటి చేసేస్తాను," అన్నాడు. ఆ మాట కోసం ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నదాన్ని, తీరా వింటే ఏమీ బాగోలేదు.

అంతలో బావే ఆగి, "కాగితం ఖాళీగా ఉంది, ఫైలు మాత్రం బరువుగా ఉందేంటి?" అన్నాడు. "ఏం నొక్కారమ్మా?"

"నువ్వు నేర్పిందే నాయనా. దాచు."

బావ నెత్తి కొట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. ఈ సిస్టముల్ని తెలుగులో పెట్టింది ఎక్కడెక్కడి వాళ్ళో, జీతం లేకుండా, ఎవరికి తోచిన మాట వాళ్ళు. దొరసానిలో 'దాచు' అంటే జాగ్రత్త చెయ్యి. కోపిష్టిలో 'దాచు' అంటే కనబడకుండా చెయ్యి. రెండూ మన తెలుగే, ఎవర్నని తిడతాం? బావ ఇంకో బొత్తాం నొక్కగానే కుక్కలూ గుమ్మాలూ ఉత్తరాలూ అన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి. పోస్టమ్మకే కాదు, నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే మాటల పంచాయితీ పెట్టాం. సిస్టములు వాటి ఇష్టం, మాటలు మాత్రం అన్నిట్లో ఒకటే ఉండాలన్నాడు బావ. 'భద్రపరచు' అని పెడదామన్నాడు.

"పంచదార డబ్బా భద్రపరిచానండీ అని ఏ ఇంట్లోనన్నా అంటారా?" అంది అక్క.

"అయితే పిల్లలకి కనబడకుండా అటక మీద పెడతావే, అది ఏ దాచు?" అన్నాను నేను.

"వాళ్ళ నుంచి దాచేదీ, వాళ్ళ కోసం దాచేదీ ఆ ఒక్క డబ్బానే కదే," అని అక్క తనే తికమకపడింది.

నష్టపోబోయింది పోస్టమ్మ కాబట్టి తీర్పు ఆవిడకే వదిలేశాం. "దాచడమంటే ఎవరికోసమో దాచడమే. రెండోదానికి 'కనబడనీకు' అని పెట్టండి," అంది. బావ అన్నిట్లోనూ అలాగే మార్చి, ఆ మాటలు కోపిష్టి సిస్టమ్‌ని తెలుగులో పెట్టినవాళ్ళకి కూడా పంపాడు.

సోమవారం పోస్టమ్మ వెలిగిపోతున్న మొహంతో వచ్చింది. ముగ్గురం చుట్టూ మూగాం.

"సగంలో మా అక్క నా చెయ్యి పట్టుకుని, 'ఇవన్నీ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?' అంది."

"ఏ దాచు?" అన్నాడు బావ.

"రెండూనూ," అని, దొరసాని ఖాళీగా ఉన్నా వెళ్ళి కోపిష్టి ముందు కూర్చుంది.